గౌతమికి కుట్టిన సంచి

మా హగరి ఏరు రెండు గట్లూ ఒరుసుకుని పారిన సంవత్సరానికి మరుసటి ఏడు జరిగింది ఇది. మా పక్క ఏళ్లను అంకెలతో చెబితే ఎవరికీ గుర్తుండదు. కరువు ఏళ్లన్నీ ఒకే రకంగా ఉంటాయి కనుక వాటితోనూ లెక్క కుదరదు. ఏరు పారిన ఏడు మాత్రం అందరికీ తెలుసు. ఆ నీళ్లు ఇసుకలోకి ఇంకిపోయాయి. ఎండాకాలం వచ్చి పోయింది. బడులు తెరవడానికి రెండు వారాలు ఉందనగా మా అమ్మాయి కృపాకుమారి బెంగళూరు నుంచి ఫోన్ చేసింది.

"నాయనా, పాపను నీ దగ్గర ఇడుద్దామని అనుకుంటాండాం. ఊర్లో చిన్న పిల్లోళ్లకు బడి పెట్టినారంట గదా."

నేను ఊఁ అన్నాను.

"ఊఁ అంటే? సరేనా, కాదా?"

"సరే."

కృప, అల్లుడు ప్రతాప్ అక్కడ బిల్డింగు పనులు చేస్తారు. పని ఎక్కడ ఉంటే అక్కడే వాళ్లకు రేకుల షెడ్డు. వాళ్ల కూతురు గౌతమికి నాలుగేళ్లు నిండాయి. ఇసుక కుప్పల మీద, ఇనుప చువ్వల నడుమ పెరుగుతోంది. ధర్మవరంలో ప్రతాప్ అక్క ఉంది. ఆమెకు ముగ్గురు పిల్లలు. నాలుగో పిల్ల నాకేం బరువు కాదు, పంపించండి అని ఆమె ఎప్పటినుంచో అంటోంది. కృప మనసు అటూ ఇటూ ఊగుతోంది.

"చూడు నాయనా, నాకు రెండే భయాలు. ఒగటి, నీకు మాటలు రావు. పిల్లకు నాలుగు మాటలు చెప్పేటోళ్లు ఇంట్లో ఉండల్ల. రెండోది, నీ ఇంట్లో యాడ చూసినా మందు డబ్బాలే. పురుగుల మందు మూతలో టీ పోసుకొని తాగేటోడివి నువ్వు."

"కడిగి తాగినా."

"ఆఁ, కడిగినాడంట! బడి తెరిచే ముందు శుక్రవారం వస్తా. ఇల్లు చూస్తా. బాగుంటే పాపను ఇడుస్తా, లేదంటే ధర్మవరం పంపిస్తా. నా మీద కోపం చేసుకోవద్దు."

ఫోన్ పెట్టేసింది.

నా భార్య పేరు పెద్దక్క. ఆమె పోయి ఎనిమిదేళ్లు. ఆమె ఉన్నప్పుడూ నేను ఎక్కువ మాట్లాడింది లేదు. ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది. ఆమె పోయాక మా ఇంట్లో మనిషి గొంతు వినిపించేది రెండు సందర్భాల్లోనే. ఫోన్ మోగినప్పుడు ఒకటి, మేక తాడు తెంపుకున్నప్పుడు ఒకటి. కొన్నాళ్లకు మేకనూ అమ్మేశాను. పొద్దున టీ పెట్టుకుంటాను, ఒక గ్లాసు. రెండో గ్లాసు గూట్లో బోర్లించి ఉంటుంది. దుమ్ము పడుతుందని ఆదివారం ఆదివారం కడిగి మళ్లీ అక్కడే బోర్లిస్తాను.

మర్నాటి నుంచి ఇల్లు సర్దడం మొదలుపెట్టాను. మొదట మందు డబ్బాలు. వంటింటి మూల, మంచం కింద, గూట్లో, చూరులో, ఎక్కడెక్కడో దాగి ఉన్నాయి. సగం సీసాలు, అడుగంటిన పొట్లాలు, ముక్కు విరిగిన స్ప్రే పంపు. అన్నీ రెండు తట్టలకెత్తి, నేను కూలికి పోయే రైతు తిప్పయ్య షెడ్డుకు మోసుకుపోయాను. టీ తాగే ఆ మూత కూడా తట్టలో వేశాను.

తిప్పయ్య చూసి నవ్వాడు. "ఏమప్పా యేసన్నా, ఇంట్లో ఇంత సరుకు పెట్టుకొని ఇన్నేండ్లు ఎట్ల బతికినావు?"

నాకూ తెలియదు.

తర్వాత నీళ్ల తొట్టి మీదికి చెక్క మూత చేశాను. పిల్ల చేతికి అందేంత కిందున్న కరెంటు ప్లగ్గును తలుపు పైకి ఎక్కించాను. కొడవళ్లు, గడ్డపార అటక మీద పెట్టాను. మాది రాతి గోడ. రాళ్ల సందుల్లో తేళ్లు ఉంటాయి. బంకమట్టి తొక్కి, సున్నం కలిపి, ఒక్కొక్క సందూ వేలితో పూడ్చాను. ఆ ఒక్క పనికే నాలుగు రోజులు పట్టింది. చీమల పుట్టలు మాత్రం పోలేదు. ఆ నెలలో చీమలు ఎవరి మాటా వినవు. పెద్దక్క పాత చీరలతో ఎప్పుడో కుట్టిన బొంత ఉంటే ఉతికి ఎండవేశాను. స్టీలు డబ్బా ఒకటి, మూత ఉన్న చిన్న స్టీలు చెంబు ఒకటి చింతపండుతో తోమాను. కృప చిన్నప్పటి పలక అటక మీద దొరికింది. దాని చెక్క చట్రానికి మూలల్లో రేకు ముక్కలు కొట్టి ఉన్నాయి. పిల్ల వేళ్లు తెగుతాయని ఆ రేకులు పీకేసి, చెక్కను గరుకు కాగితంతో నున్నగా రుద్దాను.

ఆ వారంలోనే సువార్త పెద్దవాళ్లందరినీ బడికి పిలిచింది. సువార్త మా వీధి పిల్లే. అనంతపురంలో టీచరు చదువు చదివి వచ్చింది. ఎవరో ట్రస్టు వాళ్లు చర్చి పక్క గదిలో చిన్నపిల్లలకు బడి పెట్టి ఈమెను టీచరుగా వేశారు.

"కొత్తవి కొనే పని ల్యా," అంది. "ప్లాస్టిక్ సంచి, ప్లాస్టిక్ డబ్బా, ప్లాస్టిక్ సీసా బడిలోకి రానియ్యను. ఇంట్లో ఉండే గుడ్డతోనే సంచి కుట్టండి. స్టీలు డబ్బా పెట్టండి. పలక ఉంటే సాలు. ఒగటే మాట, బిడ్డ నోట్లో పెట్టుకున్నా భయం లేని వస్తువే పంపండి. ఈ వయసులో అన్నీ నోట్లోకే పోతాయి."

వెనక నుంచి సుంకప్ప లేచాడు. సుంకప్ప నా ఈడువాడు. మా ఇంటికి మూడో ఇల్లు. నోరు ఊరుకోదు. "బలపం తిననోళ్లు ఈ వీధిలో ఎవురుండారు మేడమ్మా? మా యేసన్న మూడో తరగతి దాంకా బలపాలు తినే చదివినాడు. ఆడికి బలపాలు అయిపోయినాయి, సదువూ నిలబడిపాయ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నలుగురిలో కూర్చుని నవ్వడం చాలా రోజుల మాట.

మూడో తరగతి తర్వాత నేను నేర్చిన విద్య ఒకటే, సంచి కుట్టడం. కళ్యాణదుర్గంలో శనక్కాయల మిల్లులో ఇరవై రెండేళ్లు దబ్బనంతో, పురికొసతో సంచుల మూతులు కుట్టాను. లారీ మీద నుంచి కింద పడినా నా కుట్టు విడిపోయేది కాదు. కనుక గౌతమి సంచి నేనే కుట్టాలనుకున్నాను. గోనెపట్టా అయితే పిల్ల వీపున గుచ్చుకుంటుంది. మెత్తటి గుడ్డ కావాలి. మందంగానూ ఉండాలి.

తిప్పయ్య షెడ్డులో గుడ్డ సంచులు గుర్తొచ్చాయి. తెల్లటి నూలు గుడ్డ, మంచి నేత. విత్తనానికి మందు పట్టించే సంచులు అవి. జూన్‌లో వాన పడగానే వేరుశనగ విత్తనాలు ఆ సంచిలో పోసి, పైన ఎర్ర మందు పొడి చల్లి, ఇద్దరం చెరో కొస పట్టుకుని ఉయ్యాల ఊపినట్టు ఊపేవాళ్లం. గింజలన్నిటికీ ఎర్రగా మందు పట్టేది. ఇప్పుడు తిప్పే డ్రమ్ము వచ్చింది. సంచులతో పని లేదు. అడిగితే తిప్పయ్య, "ఎత్తుకపో, ఎలుకలు కొట్టేదానికి బదులు," అన్నాడు.

రెండు పెద్ద సంచులు తెచ్చి మూడుసార్లు ఉతికాను. ఒకసారి కుంకుడు నురగతో, ఒకసారి సబ్బుతో, ఒకసారి ఉడుకు నీళ్లలో. నాలుగు రోజులు ఎండలో వేశాను. ఎరుపు అంతా పోయి గుడ్డ తెల్లగా తేలింది. మా పక్క అందరూ చేసే పనే. ఆ సంచులు ఉతికి దిండ్లు కుట్టుకుంటారు, పసిబిడ్డలకు ఉయ్యాల కడతారు. రంగు పోతే మందు పోయినట్టే అని మా లెక్క.

విత్తనాల సంచి అడుగున, అంచుల్లో గుడ్డను మడత మీద మడత వేసి కుట్టి ఉంటుంది. ఆ చోటు చాలా గట్టి. ఆ అడుగునే బడి సంచికి అడుగుగా పెట్టాను, పలక బరువు ఆపుతుందని. భుజాల పట్టీలకు అంచు మడతలనే కోసి వాడాను. విప్పి మళ్లీ మడవడం దండగని విప్పలేదు. ముందువైపు పెద్దక్క చీర కొంగులోని పచ్చ చుక్కల ముక్క ఒకటి జేబుగా కుట్టాను.

సువార్త దారిన పోతూ చూసి ఆగింది. "పెద్దనాయనా, ఇది యాడ కొన్నావు?"

"కొనలా."

"నువ్వు కుట్టినావా!" అంటూ అటు తిప్పి ఇటు తిప్పి, నా చేతిలోంచి లాక్కుని పోయి వీధంతా చూపించింది.

సాయంత్రానికే ముగ్గురు వచ్చారు. సుంకప్ప మనవరాలికి ఒకటి కావాలి. అంజనమ్మ మనవడికి ఒకటి. జ్యోతిలక్ష్మి కూతురికి ఒకటి. రెండో సంచి కోసి ముగ్గురికీ కుట్టాను. మూడు రోజులు మా ఇంటి ముందు బండ మీద మనుషులు కూర్చున్నారు. అంజనమ్మ వక్కాకు నములుతూ ఊళ్లో పెళ్లిళ్ల సంగతులు చెప్పింది. జ్యోతిలక్ష్మి అయితే వాళ్ల అత్త మీద మొదలుపెట్టి బెళుగుప్ప సంత దాకా ఆపకుండా మాట్లాడింది. మధ్యమధ్య "అవునా కాదా మామా?" అంటుంది. నేను తల ఊపుతాను. ఆమెకు అది చాలు. పని తొందరగా అయిపోకూడదని నేను కుట్టు దగ్గర దగ్గరగా, సన్నగా వేశాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

శుక్రవారం సాయంత్రం కృప పిల్లను తీసుకుని బస్సు దిగింది. ఇంట్లోకి రాగానే చేతిసంచి కింద పెట్టకుండానే తిరిగి చూసింది. తొట్టి మూత ఎత్తి చూసింది. మంచం కింద వంగి చూసింది. గూట్లో చెయ్యి పెట్టి తడిమింది. గోడ దగ్గర నిలబడి మందు వాసన వస్తుందేమోనని గాలి పీల్చింది.

"ఇది నీ ఇల్లేనా నాయనా?" అంది.

"ఊఁ."

గౌతమి అప్పటికే కొక్కేనికి తగిలించిన సంచిని చూసేసింది. "ఇది నాదా?" అని అడిగి, జవాబు వినకుండానే వీపున వేసుకుంది. వేసుకున్నది మళ్లీ తియ్యలేదు. దాంతోనే అన్నం తిన్నది. తింటూ నన్నే చూస్తోంది.

"తాతా, నువ్వు మూగోడివా?"

"కాదు."

"మరి మాట్లాడు."

"ఏం మాట్లాడల్ల?"

"నీ ఇష్టం."

నాకేం తోచలేదు. చివరికి, "హగరి వచ్చినప్పుడు చేపలు రోడ్డు మీదికి వచ్చినాయి," అన్నాను.

"ఎన్ని?"

"శానా."

"చెప్పులు ఏసుకున్నాయా?"

"చేపలకు కాళ్లు యాడుండాయి?"

"మరి రోడ్డు మీదికి ఎట్ల వచ్చినాయి?"

నీళ్లు ఎలా వచ్చాయో చెప్పాను. పొద్దున్నే ఆ మోత వినడం, వంతెన మునగడం, కొట్టుకుపోతున్న గడ్డివాము మీద కోడి ఒకటి కూర్చుని ఉండడం. నేను అన్ని మాటలు వరసగా మాట్లాడి ఎన్నేళ్లయిందో. కృప వంటింటి గడప దగ్గర ఆగిపోయి వింటోంది. నేను చూడగానే తల తిప్పుకుంది.

"ఒగ భయం పోయింది నాయనా," అంది తర్వాత, గిన్నెలు కడుగుతూ. "రెండోదీ పోయినట్టే ఉండాది."

పడుకునే ముందు గౌతమి సంచి విప్పి నాకే ఇచ్చింది. అందులో సగం తిన్న బెల్లం చిక్కీ వేసి, "రేపటికి," అని చెప్పింది. నేను దాన్ని కొక్కేనికి తగిలించాను.

శనివారం తెల్లవారగానే లేచాను. చిక్కీకి చీమలు పట్టి ఉంటాయి, పిల్ల లేచేలోపు దులుపుదామని కొక్కెం దగ్గరికి పోయాను. చీమల బారు చూరు నుంచి గోడ మీదుగా కొక్కెం దాకా వచ్చింది. అక్కడ నుంచి పక్కకు మళ్లి, సంచిని తాకకుండా చుట్టు తిరిగి పోతోంది. కింద నేల మీద చచ్చిన చీమలు ఆవాలు పోసినట్టు పడి ఉన్నాయి. చిక్కీ మీద ఒక్క చీమ లేదు.

బెల్లాన్ని వదిలి పోయే చీమను నేను ఎప్పుడూ చూడలేదు.

సంచి దించి పెరట్లోకి తీసుకుపోయాను. కత్తితో అడుగు కుట్టు కోశాను. పై మడత తెల్లగానే ఉంది. రెండోది విప్పాను. మూడో మడతలో గులాబీ రంగు పొడి అట్టకట్టి ఉంది, గోటితో గీకితే రాలింది. నా బొటనవేలు ఎర్రబడింది. పట్టీ కోసి చూశాను. అందులోనూ ఉంది. ఎన్ని జూన్ నెలల మందో అది. నీళ్లు మడతల లోపలికి పోలేదు. ఇంట్లోని డబ్బాలన్నీ నెత్తిన మోసి బయటపెట్టినవాణ్ణి, మందును నా చేతులతోనే కుట్టి పిల్ల వీపున తగిలించాను.

"తాతా, నా చిక్కీ!" గౌతమి కళ్లు నలుపుకుంటూ వచ్చింది.

నేను చిక్కీని పెరటి చెత్తగుంటలోకి విసిరేసి మట్టి కప్పాను. "చీమలు పట్టినాయి."

"యాడ? ఒగటి కూడా ల్యా!" అని ఏడుపు అందుకుంది.

కృప బయటికి వచ్చింది. సంచి ఏమైందని అడిగింది. "కుట్టు సరిగ్గా రాలా. మళ్లా కుడతా," అన్నాను. ఆమె నమ్మింది. నేను అబద్ధాలాడతానని ఎవరికీ అనుమానం రాదు. మాట్లాడితే కదా.

నా ఆలోచన ఏమిటంటే, మిగతా మూడు సంచులూ ఇదే మాట చెప్పి వెనక్కి తీసుకుందాం. కొత్త గుడ్డతో మళ్లీ కుట్టి ఇద్దాం. ఎవరికీ ఏమీ తెలియదు. కృప మర్నాడు బెంగళూరు పోతుంది. గౌతమి నా దగ్గర ఉంటుంది.

వీధిలోకి రాగానే జ్యోతిలక్ష్మి కూతురు ఎదురైంది. బడి తెరవకముందే సంచి వేసుకుని తిరుగుతోంది. పట్టీ కొస నోట్లో ఉంది. నములుతోంది. పట్టీ లాగేసి, పిల్లను ఎత్తుకుని కొళాయి దగ్గరికి పరుగెత్తి నోరు పుక్కిలింపించాను. మూడు సార్లు, నాలుగు సార్లు. మొహం, మెడ, చేతులు కడిగాను.

జ్యోతిలక్ష్మి బిందె పట్టుకుని నవ్వుతూ వచ్చింది. "ఏంది మామా, నా కూతురికి బాప్తిస్మం ఇస్తాండావా?"

"సంచి ఇయ్యి. కుట్టు ఊడింది."

"నీ కుట్టు ఊడేది? ఎద్దులు, ఎనుములు రెండు పక్కలా లాగినా ఊడదు!"

"ఇయ్యి. మళ్లా కుడతా. పిల్ల నోట్లో ఏసుకున్నాది, కొంచెం చూసుకో. కడుపు గిడుపు నొచ్చితే ఆసుపత్రికి తీసుకపో."

"గుడ్డ నమిలితే ఆసుపత్రికా?" అంటూ ఇచ్చేసింది. నేను ఆ పూట మూడుసార్లు వాళ్ల ఇంటి ముందు నుంచి నడిచాను. పిల్ల బాగానే ఆడుకుంటోంది.

అంజనమ్మ ఏమీ అడగకుండా సంచి తెచ్చి ఇచ్చింది. ఇక సుంకప్ప ఇల్లు. గడపలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"కుట్టు ఊడిందా? తీసుకపో, తీసుకపో. మాకేం కొదవ ల్యా. నీది చూసి నా కోడలు ఇంగా రెండు కుట్టింది. మా ఇత్తనాల సంచి ఉంటే చింపినాం. ఆ పక్క రామాంజి ఇంట్లో కూడా నిన్నటి నుంచి కత్తిరిస్తాండారు. నీ పుణ్యమా అని వీధంతా టైలర్లే గదప్పా!"

లోపల నుంచి అతని కోడలు ఒక సంచి ఎత్తి చూపించింది. కుట్టు వంకర. గుడ్డ మాత్రం అదే. పట్టీలు అంచు మడతలతోనే వేసింది, నేను వేసినట్టే.

కుట్టు ఊడిందని చెప్పి నేను కుట్టినవి తెచ్చుకోవచ్చు. వాళ్లు కుట్టినవి ఏమని తెచ్చుకోవాలి? ఎన్ని ఇళ్లలో కత్తిరిస్తున్నారో. నా నోరు అప్పుడే తెరవాల్సింది. తెరిస్తే సాయంత్రానికి కృప చెవిన పడుతుంది. మూడు సంచులు చంకన పెట్టుకుని ఊరికే నిలబడ్డాను.

"ఏమప్పా, ఎండ దెబ్బ తగిలిందా?" అన్నాడు సుంకప్ప.

"లేదు," అని వచ్చేశాను.

పగలంతా మాట్లాడలేదు. నేను మాట్లాడకపోతే ఎవరికీ వింతగా ఉండదు. గౌతమి పక్కన కూర్చుని పలక మీద గీతలు గీసింది. ప్రతి గీతనూ నాకు చూపించి ఇది బస్సు, ఇది అమ్మ, ఇది నువ్వు అని చెప్పింది. నన్ను బస్సు కన్నా పెద్దగా గీసింది.

దీపాలు పెట్టే వేళ కృప బండ మీద నా పక్కన కూర్చుంది. "రేపు మధ్యానం బస్సుకు పోతా నాయనా. పాపను ఇడిసి పోతాండా. ధర్మవరానికి ఫోన్ చేసి చెప్పేసినా, ఈడే ఉంటాదని."

ఆ మాట కోసం నాలుగు రోజులు గోడ సందులు పూడ్చాను. విన్నాను. విని, లేచి పెరట్లోకి పోయి, కోసిన సంచి తెచ్చి ఆమె ముందు పెట్టాను. మడత విప్పి చూపించాను.

"కృపా, దీంట్లో మందు ఉండాది."

ఆమెకు చప్పున అర్థమైంది. విత్తనాల సంచిని ఆమె చిన్నప్పటి నుంచి చూసినదే. లేచి లోపలికి పోయి గౌతమిని పట్టుకుని నోరు తెరిచి చూసింది. వీపు చూసింది. చేతులు వాసన చూసింది. పెరట్లోకి తీసుకుపోయి తల మీద నుంచి నీళ్లు పోసి సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది. పిల్ల ఇప్పుడెందుకు స్నానమని ఏడ్చింది. తుడిచి, వేరే గౌను వేసి, బొంత మీద కూర్చోబెట్టి మళ్లీ నా దగ్గరికి వచ్చింది.

"నోట్లో పెట్టుకున్నాదా?"

"లేదు. చిక్కీ కూడా తిననియ్యలా."

"ఎప్పుడు చూసినావు నువ్వు?"

"పొద్దున."

"పొద్దున చూసి, ఇప్పుడా చెప్పేది?"

నేను కోసిన సంచిని మడిచి పక్కన పెట్టాను.

"నువ్వు కావాలని చేసినావని నేను అనడం ల్యా నాయనా. నీకు ప్రాణం అది, నాకు తెల్సు. ఈ ఒగటి చెప్పినావు, సరే. నువ్వు చెప్పనివి ఎన్ని ఉండాయో నాకెట్ల తెలుస్తాది?"

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

ఆమే మళ్లీ అడిగింది. "మిగతా ఇండ్లోళ్లకు చెప్పినావా?"

"లేదు. నన్ను చూసి ఇంగా కొందరు కుడతాండారు."

"చెప్పు మరి."

"చెప్తా."

"నువ్వా?" అని నా మొహం చూసింది. లోపలికి పోయి గౌతమి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు ఆదివారం. తెల్లవారకముందే ధర్మవరం వైపు మొదటి బస్సు. గౌతమి తల్లి భుజం మీద నిద్రపోతోంది. స్టీలు డబ్బా, చెంబు, పలక ఒక చేతిసంచిలో వేసి నేను బస్సు దాకా మోశాను. సీటు కింద పెట్టాను. కృప కిటికీలోంచి, "టైముకు తిను నాయనా," అంది. బస్సు కళ్యాణదుర్గం రోడ్డు ఎక్కే దాకా చూసి ఇంటికి వచ్చాను. టీ పెట్టుకోలేదు. స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని చర్చికి పోయాను.

మా వీధిలో ముప్పాతిక మంది చర్చికి వస్తారు. చాలామందికి పేర్లు పాత హిందూ పేర్లే, ప్రార్థన మాత్రం ఇక్కడ. పాస్టరు గారు వాక్యం చెప్పే ముందు సాక్ష్యాలు ఉంటాయి. జ్వరం తగ్గినవాళ్లు, బోరులో నీళ్లు పడ్డవాళ్లు, కొడుకు తాగుడు మానిన తల్లి, ఎవరైనా లేచి నలుగురి ముందు తమకు జరిగింది చెప్పాలి. నలభై ఏళ్లుగా నేను వెనక గోడకు ఆనుకుని కూర్చుని వింటున్నాను. ఒక్కసారీ లేవలేదు.

పాస్టరు గారు, "సాక్ష్యం ఉన్నవాళ్లు లేవొచ్చు," అనగానే లేచాను.

ముందు వరసలో ఎవరో నవ్వారు. పాస్టరు గారు కళ్లజోడు సర్దుకున్నారు. సుంకప్ప వెనక్కి తిరిగి, "ఒరే, ఈ పొద్దు వాన వస్తాది!" అన్నాడు. పిల్లలు కూడా నావైపు తిరిగారు.

"ఇత్తనాలకు మందు కలిపే సంచులతో పిల్లోళ్లకు బడి సంచులు కుట్టినా," అన్నాను. ముందు వరసలకు వినబడలేదు. మళ్లీ చెప్పాను. "మూడుసార్లు ఉతికినా. పోతాదనుకున్నా. పోలా. మడతల్లో ఉండాది. చీమలు సచ్చినాయి. నన్ను చూసి కుట్టినోళ్లు ఎవురూ పిల్లోళ్లకు ఇయ్యద్దండి. దిండ్లు కుట్టినోళ్లు, ఉయ్యాల కట్టినోళ్లు కూడా."

ఆడవాళ్ల వైపు ఒక చంటిపిల్ల తల్లి గబుక్కున లేచి, బిడ్డను ఎత్తుకుని ఇంటివైపు పోయింది. సువార్త రెండు చేతులతో నోరు మూసుకుంది.

"మా అమ్మ కాలం నుంచి ఆ సంచులతోనే ఉయ్యాల కడతాండాం," అంది అంజనమ్మ, కూర్చునే. "ఎవురూ సావలేదే?"

"చీమలు సచ్చినాయి," అన్నాను. నా దగ్గర ఉన్న మాట అదొక్కటే.

జ్యోతిలక్ష్మి లేచి నిలబడింది. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. ఇప్పుడు ఆమె మొహంలో నవ్వు లేదు. "మామా, నిన్న కుట్టు ఊడిందని గదా చెప్పి తీసుకపోయినావు?"

"అబద్ధం చెప్పినా."

సాక్ష్యం చెప్పినవాళ్లు చివర దేవునికి స్తోత్రం అనాలి. అందరూ అందుకోసం చూస్తున్నారు. నేను "అంతే" అని కూర్చున్నాను.